పదిహేడు పక్కన గీతలు

తలుపు తీయకముందే టీచరుకు తెలుసు, బోర్డు మీద ఏ నంబరు ఉంటుందో.

హాజరు కాగితం ఆఫీసులో ఇచ్చి రావడానికి పది నిమిషాలు పడుతుంది. మెట్లు దిగాలి, వరండా దాటాలి, గుమాస్తా తలెత్తేదాకా నిలబడాలి, మళ్ళీ మెట్లెక్కాలి. ఆ పది నిమిషాల్లో మూడో తరగతిలో ఎవరు నోరు విప్పారో చూసి బోర్డు కుడి మూల రాయడం క్లాసు లీడరు పని. పేర్లు రాస్తే తల్లిదండ్రులు గొడవకొస్తున్నారని హెడ్మిస్ట్రెస్, అంటే అందరికీ పెద్దమేడం, హాజరు నంబర్లే రాయమన్నారు. మాట్లాడిన ప్రతిసారీ నంబరు పక్కన ఒక గీత.

టీచరు తలుపు తీసింది. 'మాట్లాడినవారు' అన్న మాట కింద గుండ్రటి చేతిరాతలో 17. పక్కన మూడు గీతలు.

బోర్డు పక్కన లీడరు అమ్మాయి చాక్‌పీస్ పట్టుకుని సిపాయిలా నిలబడి ఉంది. మూడో వరసలో పదిహేడో నంబరు కూర్చోవలసిన చోటు ఖాళీగా ఉంది. బల్ల కింద రెండు పాదాలు మాత్రం కనిపిస్తున్నాయి. ఒక చెప్పు ఉంది, ఒకటి లేదు. ఆ పాదాల దగ్గర్నుంచి అచ్చం బడి గంటలాంటి శబ్దం వస్తోంది. పక్క గదిలో పిల్లలు నిజమే అనుకుని పుస్తకాలు సర్దుకుంటున్న చప్పుడు కూడా వినబడుతోంది.

"బయటికి రా."

"ఎక్కణ్ణుంచి టీచర్? బల్ల కింద నుంచా, గదిలో నుంచా?"

ముప్ఫైనాలుగు మంది ఒక్కసారిగా నవ్వారు. టీచరు మాత్రం నవ్వలేదు. నవ్వే ఓపిక ఆగస్టు నాటికే అయిపోయింది.

"కింద ఏం చేస్తున్నావు?"

"పెన్సిలు పడింది టీచర్."

"ఎంతసేపట్నుంచి వెతుకుతున్నావు?"

"మీరొచ్చేదాకా వెతుకుదామని."

మళ్ళీ నవ్వులు. పదిహేడు జుట్టు నిండా దుమ్ముతో పైకి లేచింది. సన్నటి పిల్ల. ముందుపన్ను ఊడిన చోట నాలుక ఎప్పుడూ తిరుగుతూ ఉంటుంది. టీచరు బల్ల మీద డస్టరు రెండుసార్లు కొట్టి, గీతల లెక్క రాసే పుస్తకం తెరిచి, ఆ రోజు తారీఖు ఎదురుగా మూడు అని రాసింది. ఈ నెలకి మొత్తం నలభై మూడు. నెలలో నలభై దాటితే ఫైలు బడి కమిటీకి పోతుంది.

స్టాఫ్ రూములో కూడా ఆ పిల్లని ఎవరూ పేరుతో పిలవరు. మీ పదిహేడు ఇవాళ ఏ గంట కొట్టింది అని అడుగుతారు. ఆ ప్రశ్నకి టీచరు మొదట్లో సంజాయిషీ ఇచ్చుకునేది. ఇప్పుడు టీ గ్లాసులోకి చూస్తూ ఊరుకుంటుంది.

మధ్యాహ్నం ఆయా వచ్చి గుమ్మంలో నిలబడింది. "పెద్దమేడం రమ్మంటున్నారు టీచరమ్మా. కోపంగా లేరులెండి."

పెద్దమేడం గుండుసూదులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేస్తూ మాట్లాడింది. ఆవిడ చేతులు ఖాళీగా ఉండవు.

"రేపు పిల్ల తండ్రి వస్తాడు. పుస్తకం చూపించండి. శుక్రవారం పదకొండింటికి కమిటీ. ఊరి ఆ చివర బడిలో ఇలాంటివాళ్ళకి వేరే సెక్షనుంది, అక్కడికి పంపిద్దాం. మీకూ హాయి, నాకూ హాయి."

"సరే మేడం."

"అన్నట్టు మీ ప్రొబేషన్ రిపోర్టు కూడా శుక్రవారమే పంపాలి." ఆవిడ ఒక కాగితం ఇటు తిప్పింది. గడులన్నీ నిండి ఉన్నాయి. 'తరగతి అదుపు' అన్న ఒక్క గడి ఖాళీగా ఉంది. "ఆ పిల్ల గొడవ తేలాక ఇది నింపుతాను. మంచి మాటే రాస్తాను. మీకిది మూడో బడి కదూ?"

"మూడోది మేడం."

"మొదటి రెండింట్లోనూ ఈ గడే కొంప ముంచింది. చూశాను."

టీచరు తలూపింది. బయటికి వచ్చాక వరండాలో ఊరికే అటూ ఇటూ రెండుసార్లు నడిచింది. ఎందుకు నడుస్తోందో ఆమెకే తెలియలేదు. గెలవబోతున్నవాళ్ళు ఇలా నడవరు.

*

పదిహేడు తండ్రి లిఫ్టు మెకానిక్. బుధవారం డ్యూటీ మధ్యలోంచి వచ్చాడు. చేతులకి గ్రీజు ఉందని కుర్చీ వెనక్కి లాక్కోకుండా, మోకాలితో కొద్దిగా జరుపుకుని కూర్చున్నాడు. పుస్తకం ముందుకు తోస్తే, చొక్కా జేబులోంచి గుడ్డ తీసి వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకుని అప్పుడు ముట్టుకున్నాడు.

"ఇవన్నీ మా పిల్లవేనాండీ?"

"అన్నీ."

"రోజూ మాట్లాడుతుందా?"

"మాట్లాడని రోజు లేదు."

"ఇంట్లోనూ అంతేనండి. నిద్రలో కూడా ఏదో ఒకటి చెబుతూనే ఉంటుంది. ఎవరితో గొడవో ఏమిటో."

అతను మిషను కాగితాలు చదివేవాడిలా వేలు పెట్టి ఒక్కో వరసా కిందకి జరుపుతూ వచ్చాడు. తారీఖు, గీతలు. తారీఖు, గీతలు. ఒక చోట వేలు ఆగింది. కిందకి పోయి మళ్ళీ పైకొచ్చింది.

"పంతొమ్మిదో తారీఖున రెండు గీతలున్నాయండి."

"అవును."

"ఆ రోజు అది బడికి రాలేదండి."

"పొరపాటు పడుతున్నారు."

"పన్ను పీకించడానికి తీసుకెళ్ళాను. ఈ ఏడాదిలో నేను సెలవు పెట్టింది ఆ ఒక్క రోజే. అందుకే గుర్తుంది." అని, తనే తప్పు చేసినవాడిలా వెంటనే పుస్తకం మూసేశాడు. "పోనీలెండి. రెండు గీతలు తీసేసినా నలభై దాటుతాయి కదా. అది మాట్లాడదని నేనెలా అంటాను?"

టీచరు పుస్తకం తన వైపుకి లాక్కుంది.

"ఒక్క సంగతండి. ఆ చివర బడికి రెండు బస్సులు మారాలి. ఎనిమిదింటికి నేను పనిలో ఉండాలి. వాళ్ళమ్మ లేదు. దాన్నొక్కదాన్నీ బస్సెక్కించలేను. మా అక్క వేరే ఊళ్ళో ఉంటుంది, అక్కడికి పంపించెయ్యాలి. అక్క మంచిదే. కానీ నేను లేకుండా అది అక్కడ ఉండదండి." లేచి నిలబడ్డాడు. "ఉంటుందేమో. పిల్లలు అలవాటు పడతారంటారు."

అతను వెళ్ళాక టీచరు హాజరు పట్టీ తీసింది. పంతొమ్మిదో తారీఖు. వేలు కిందకి జరిపింది. పదిహేడో గడిలో ఎర్ర సిరాతో గైర్హాజరు గుర్తు. ఆ గుర్తు తను పెట్టిందే.

 ఆ రోజు ఏం జరిగి ఉంటుందో ఊహించడం కష్టమేమీ కాదు. 'రానివారు: 9, 17' అని తన చేత్తో రాసిన కాగితం పట్టుకుని మెట్లు దిగింది. గుమాస్తాకి ఇచ్చింది. మెట్లెక్కి వచ్చి, బోర్డు మీద 17 చూసి, రెండు గీతలు పుస్తకంలోకి ఎక్కించింది. బడిలోనే లేని పిల్ల రెండుసార్లు మాట్లాడిందని నమ్మింది. ఆ బల్ల వైపు కనీసం తలెత్తి కూడా చూడలేదన్నమాట.

సాయంత్రం ఇంట్లో అత్తగారు బఠాణీలు ఒలుస్తోంది. టీచరు ఎదురుగా కూర్చుని సాయం పట్టింది. ఒలిచినవి తొక్కల్లో, తొక్కలు గిన్నెలో పడుతున్నాయి.

"అమ్మాయ్, మనం తొక్కలు వండుకోం."

"సారీ అత్తయ్యా."

"ఏమిటి సంగతి?"

చెప్పింది. పక్క గదిలో చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్న భర్త అక్కణ్ణుంచే, "శుక్రవారం దాకా నోరు మూసుకుని ఉండు చాలు. ఇంకెంత, రెండు రోజులు," అన్నాడు.

"దాని నోరు మూయించడం నీవల్ల కాలేదు, పిల్లల నోరు మూయించడం దానివల్ల అవుతుందా," అంది అత్తగారు కొడుకుతో. తర్వాత కోడలి వైపు తిరిగి, "ఆ లీడరు పిల్ల అబద్ధాలకోరా?" అని అడిగింది.

"కాదత్తయ్యా. నలుసంత అబద్ధం కూడా ఆడదు. నోటు పుస్తకంలో కొట్టివేత ఉంటేనే ఏడుస్తుంది."

అత్తగారు పాతికేళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసింది. కాయ చీల్చి నాలుగు గింజలు గిన్నెలోకి దొర్లించింది. "మా సూపర్‌వైజరు రోజూ ఇద్దరు లేటుగా వచ్చారని రాసేవాడు. అందరం వేళకి వస్తే గడియారం వంక అనుమానంగా చూసేవాడు. పాపం, పైవాళ్ళు నీకు పనేం లేదా అంటారని బెంగ. ఇక చేసేది లేక మేమే వంతులేసుకున్నాం. సోమవారం నేను, మంగళవారం ఇంకొకత్తె. బస్‌స్టాపులో కూర్చుని, పది నిమిషాలు గడిపి వెళ్ళేవాళ్ళం."

"నిజంగానా?"

"బస్‌స్టాపులో నాకు మంచి స్నేహాలు కూడా అయ్యాయి."

టీచరు చేతిలో కాయ అలాగే ఉండిపోయింది.

*

గురువారం హాజరు తీసుకుని, కాగితం మడిచి, "లీడర్, చూసుకో," అని టీచరు బయటికి నడిచింది. మెట్ల మీద చెప్పులు టకటకలాడిస్తూ సగం దిగింది. తర్వాత వాటిని విప్పి చేత్తో పట్టుకుని, వెనక వరండా మీదుగా తిరిగొచ్చి, వెనక కిటికీ పక్కన గోడకి ఆనుకుని నిలబడింది. అటుగా నీళ్ళ బకెట్టుతో వస్తున్న ఆయా ఆమెనీ, చేతిలోని చెప్పుల్నీ చూసి ఆగింది.

"ఏమైనా తెగిందా టీచరమ్మా?"

టీచరు నోటి మీద వేలు పెట్టుకుంది. ఆయా కూడా బకెట్టు దించి నోటి మీద వేలు పెట్టుకుని, ఎందుకో తెలియకపోయినా నిలబడిపోయింది.

కిటికీ సందులోంచి గది ఆ చివర నుంచి ఈ చివరకి కనిపిస్తోంది. మొదటి రెండు నిమిషాలు చిన్న గుసగుస. తర్వాత అదీ తగ్గింది. కొందరు లెక్కలు చేస్తున్నారు. ఒకడు రబ్బరు కొరుకుతున్నాడు. పదిహేడు చెంప బల్ల మీద ఆనించి, నోటు పుస్తకం చివరి పేజీలో ఏదో గీసుకుంటోంది. గంట కొట్టడం లేదు. ఎవరితోనూ ఒక్క మాట కూడా లేదు.

లీడరు గోడ గడియారం చూసింది. క్లాసు చూసింది. మళ్ళీ గడియారం. చాక్‌పీస్ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చింది. ఏడు నిమిషాలు గడిచేసరికి ఆ పిల్ల ముఖంలో, బస్సు వస్తున్నా డ్రాయరులో తాళం దొరకని మనిషి కంగారు కనబడింది.

ఎనిమిదో నిమిషంలో లీడరు మూడో వరస వైపు చూసింది.

పదిహేడు తల ఎత్తలేదు. ఎడమ చెయ్యి మాత్రం పైకి లేచింది. రెండు వేళ్ళు.

లీడరు తిరిగి బోర్డు మీద 17 అని రాసింది. పక్కన రెండు గీతలు పెట్టింది. అది అయ్యాక పదిహేడు పెన్సిలు జాగ్రత్తగా పెట్టెలో పెట్టి, ఒళ్ళు విరుచుకుని, ఒక చెప్పు విడిచి బల్ల కిందకి దూరింది. మరుక్షణం కప్ప అరుపు మొదలైంది. క్లాసు పకపకమంది. లీడరు "ష్" అంది. ఆ 'ష్' అనడంలో ఎంత తేలికపడిందో కిటికీ బయటికి కూడా తెలిసింది.

గీతలు ముందు. గోల తర్వాత.

"కప్ప బాగా చేస్తుంది," అని ఆయా మెచ్చుకుంది.

భోజనాల గంటకి టీచరు లీడర్ని నీళ్ళ కుళాయి దగ్గరికి తీసుకెళ్ళింది. ఆ పిల్ల చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది.

"నేను కోప్పడను. పదిహేడు ఇవాళ మాట్లాడిందా?"

 లీడరు వేళ్ళకున్న సుద్దపొడి గౌనుకి రాసుకుంది.

"లేదు టీచర్."

"మరెందుకు రాశావు?"

"ఎవరూ మాట్లాడలేదు టీచర్."

"ఎవరూ మాట్లాడకపోతే ఖాళీగా ఉంచాలి కదమ్మా."

"ఉంచాను టీచర్. బడి తెరిచిన రెండో రోజు. ఇంతమందిలో ఒక్కరు కూడా మాట్లాడలేదంటే నమ్మమంటావా, అయితే నువ్వే మాట్లాడి ఉంటావు అన్నారు. బయట నిలబెట్టారు."

"నేనా?"

"లెక్కల పీరియడ్ అంతా టీచర్."

టీచరు గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. బడి తెరిచిన రెండో రోజు. కొత్త గది, తెరుచుకోని కిటికీ, గుమాస్తా పోగొట్టిన రిజిస్టరు, అన్నీ గుర్తొస్తున్నాయి. తలుపు బయట నిలబడ్డ పిల్ల గుర్తు రావడం లేదు.

"పదిహేడే ఎందుకు?"

"తనే చెప్పింది టీచర్. ఏడవకు, నా నంబరు రాసెయ్యి, నేనెలాగూ ఎప్పుడో ఒకప్పుడు మాట్లాడతాగా అంది."

"తను బడికి రాని రోజు?"

"ఆ రోజు ఎవర్ని అడగాలో తెలీలేదు టీచర్. ముందు రోజే అడిగి ఉంచుకోవాల్సింది." లీడరు కళ్ళు తుడుచుకోకుండానే, తన తప్పు అదొక్కటే అన్నట్టు తల వంచుకుంది.

"నిజంగా మాట్లాడిన రోజులు కూడా ఉన్నాయా?"

"అమ్మో, బోలెడు."

"ఏవి నిజం, ఏవి అబద్ధం?"

"గుర్తులేదు టీచర్. మీరు ఎన్ని అని అడిగేవారు. అది అడగలేదు."

*

శుక్రవారం పదకొండింటికి పెద్దమేడం గదిలో మూడు కుర్చీలు వేశారు. ఒకదాంట్లో పెద్దమేడం, ఒకదాంట్లో కమిటీ తరఫున వచ్చిన మందుల షాపాయన. మూడోది టీచరుది. లిఫ్టు మెకానిక్ బయట బల్ల మీద కూర్చున్నాడు. గదిలోంచి బయల్దేరేముందు టీచరు లీడర్ని తన చోటుకి పంపేసి, "ఇవాళ ఎవరూ ఏమీ రాయక్కర్లేదు," అని వచ్చింది. నడుస్తున్నప్పుడే వెనక గదిలో గోల మొదలైంది.

ఆమె జరిగింది జరిగినట్టు చెప్పింది. మధ్యలో ఆగలేదు. ఆగితే మళ్ళీ మొదలుపెట్టగలనన్న నమ్మకం లేదు.

పెద్దమేడం గుండుసూదుల డబ్బా మూత పెట్టింది. "అంటే ఈ గీతల్లో ఎన్ని అబద్ధం?"

"తెలీదు మేడం."

"పోనీ ఎన్ని నిజం?"

"అదీ తెలీదు."

"మరి పుస్తకం దేనికమ్మా?" అన్నాడు మందుల షాపాయన, నిజంగానే తెలుసుకోవాలని.

 పెద్దమేడం ఫైలు తెరిచి, లోపలి కాగితం ఒకటి తీసింది. "చూడండి, ఫైలు నంబరు పడింది. పైకి తెలిసింది. ఏమీ లేదని ఖాళీగా మూసేస్తే మేం ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నట్టు? ఇక్కడ 'బాధ్యులు' అని గడుంది. తప్పు పదిహేడుది కాకపోతే, దొంగ గీతలు రాసింది లీడరే కదా. ఆ పిల్ల నంబరెంత?"

"నాలుగు."

"నాలుగు అని రాసి సంతకం పెట్టండి. చిన్నపిల్ల, హెచ్చరికతో పోతుంది. లీడరు పదవి తీసేద్దాం. మీ రిపోర్టుకీ ఏ అడ్డూ ఉండదు." పెన్ను మూత తీసి అందించింది. గొంతులో దురుసుతనం ఏమీ లేదు. పైగా సాయం చేస్తున్న మనిషిలాగే ఉంది. "కానివ్వండి. ఎవరో ఒకరి నంబరు ఉండాలి కదా."

టీచరు పెన్ను అందుకుంది. గడి చిన్నది. ఒక అంకె పట్టేంత. గోడ గడియారం చప్పుడు వినబడుతోంది. పై అంతస్తులో ఏదో గది నుంచి గోల వినబడుతోంది, ఏ గదో ఆమెకు తెలుసు. ఎనిమిదేళ్ళ లీడరు పిల్ల రోజూ చాక్‌పీస్ పట్టుకుని ఇలాగే నిలబడి ఉంటుంది, ఎవరో ఒకరు తల ఎత్తకుండా రెండు వేళ్ళు చూపిస్తే బావుణ్ణని ఎదురు చూస్తూ.

ఆమె గడిలో తన ఉద్యోగి నంబరు రాసింది. ఆరు అంకెలు. గడి దాటి మార్జిన్లోకి వెళ్ళాయి.

పెద్దమేడం కాగితం తిప్పుకుని చదివింది. కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకుంది. "ఇలా రాస్తే నేను ఆ రిపోర్టులో ఏం రాయాలో మీకు తెలుసా?"

"తెలుసు మేడం."

"మీ వయసులో నాకింత ఖరీదైన నిజాయితీ లేదు." తిట్టిందో మెచ్చుకుందో తెలియలేదు. రిపోర్టు దగ్గరికి లాక్కుని, ఖాళీ గడిలో 'ఇంకా సాధించాలి' అని రాసింది. "ప్రొబేషన్ మరో ఆర్నెల్లు పొడిగిస్తున్నాను. అప్పటికీ ఆ గది ఇలాగే ఉంటే, నాలుగో బడి వెతుక్కోవాలి మీరు. పిల్ల ఫైలు మూసేస్తున్నాను."

మందుల షాపాయన సంతకం పెట్టి, "మా షాపులోనూ ఇంతే. స్టాకు తగ్గితే ముందు ఎలుకల పేరు రాస్తారు," అన్నాడు. పెద్దమేడం చూసిన చూపుకి లేచి గొడుగు వెతుక్కున్నాడు.

బయట లిఫ్టు మెకానిక్ లేచి నిలబడ్డాడు. టీచరు, పిల్ల ఇక్కడే చదువుతుందని చెప్పింది. 

"అయితే అది మాట్లాడలేదంటారా?"

"మాట్లాడుతుంది. బాగానే మాట్లాడుతుంది."

"అదే. నాకూ అలాగే అనిపించింది." అతని ముఖం తేటపడింది. చెయ్యి చాచబోయి, గ్రీజు గుర్తొచ్చి, దండం పెట్టి మెట్ల వైపు దాదాపు పరుగెత్తాడు.

టీచరు పైకి వచ్చింది. గోల వరండా మొదట్లోనే ఎదురొచ్చింది. ఆర్నెల్లు. ఈ గోలతో ఆర్నెల్లు. తలుపు ముందు ఒక్క క్షణం ఆగి, ఏమని అరవాలో కూడా తోచక, తెరిచేసింది.

ఇద్దరు బల్లలెక్కి ఉన్నారు. ఒకడు చీపురుతో గుర్రం ఆట ఆడుతున్నాడు. లీడరు తన చోట్లో రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది, అవి తమంతట తామే లేచి ఏదైనా రాసేస్తాయేమోనన్నట్టు. టీచర్ని చూడగానే అంతా ఎక్కడివాళ్ళక్కడ కూలబడ్డారు. ముప్ఫైనాలుగు మంది కళ్ళూ బోర్డు కుడి మూలకి పోయాయి. అక్కడ ఏమీ లేదు. ఏమీ లేకపోవడం వాళ్ళని ఎక్కువ భయపెట్టింది.

పదిహేడు లేచి నిలబడింది.

"టీచర్, ఇవాళ నేను నిజంగా మాట్లాడాను."

టీచరు నోట్లో ఒక ప్రశ్న సిద్ధంగానే ఉంది, ఎన్నిసార్లు అని. దాన్ని మింగేసింది.

"ఏం మాట్లాడావు?"

పిల్ల నాలుక ఊడిన పన్ను చోటులో ఆగిపోయింది. పక్కపిల్ల వైపు చూసింది. పక్కపిల్ల గబుక్కున తల దించుకుంది. ఐదు నెలల్లో ఏ ప్రశ్నకీ తడుముకోని పిల్ల ఇప్పుడు చెవుల దాకా ఎర్రబడింది.

"అది మీకు చెప్పేది కాదు టీచర్. మీ గురించే."

గది కప్పు ఎగిరిపోయేలా నవ్వారు. లీడరు కూడా నవ్వింది, చేతులు తొడల కింద నుంచి తీసి నోటికి అడ్డం పెట్టుకుని. పక్క గది టీచరు వచ్చి గుమ్మంలోంచి తొంగిచూసి వెళ్ళింది. టీచరు బల్ల దగ్గర నిలబడి, ఆ నవ్వు దానంతట అది తగ్గేదాకా ఆగింది. చాలాసేపు పట్టింది.